జెర్రిపోతులన్నీ మగవేనా? పాము పిల్లల్లో ఆడా మగా తేల్చిన చరిత్ర, అందులో మన వాటా



గూడెంలో పెరిగినా, పల్లెలో పెరిగినా మనలో చాలామంది ఈ మాట వినే ఉంటారు: నాగుపాము ఆడది, జెర్రిపోతు దాని మొగుడు. పొలం గట్టు మీద రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తే పెద్దోళ్లు సయ్యాట అంటారు, దూరం నుంచే దణ్ణం పెడతారు, కొన్నిచోట్ల కొత్త బట్ట కూడా పరుస్తారు. పేరులోనే పోతు ఉంది కదా, దున్నపోతు, మేకపోతు లాగా. ఇక అది మగదే అని ఎవరికైనా అనిపిస్తుంది.

అసలు సంగతి వేరు. జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. నాగుపాముల్లోనూ అంతే. ఈ రెండూ వేరు వేరు జాతులు, ఒకదానితో ఒకటి జత కట్టవు. పైగా నాగుపాముకు ఆకలేస్తే జెర్రిపోతును మింగేస్తుంది కూడా. గట్టు మీద పెనవేసుకుని లేచేవి చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులు. అది సరసం కాదు, కుస్తీ. ఎవరి తల పైన ఉంటే వాడిది గెలుపు.

అయితే ఇందులో మన పెద్దోళ్లను చూసి నవ్వుకోవడానికేం లేదు. కోడికి తురాయి ఉంది, నెమలికి పింఛం ఉంది, దుప్పికి కొమ్ములున్నాయి. పాముకు అలాంటి గుర్తేదీ పైకి కనబడదు. పెద్ద పాములోనే కష్టం, ఇక పిల్లలో చెప్పేదేముంది. చదువుకున్న శాస్త్రవేత్తలకు కూడా ఈ లెక్క తేలడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఆ దారిలో కొన్ని ముఖ్యమైన మలుపులు మన తెలుగు నేల మీదే ఉన్నాయి. కొన్ని మనలాంటి గిరిజనుల చేతుల మీద నడిచాయి. ఆ చరిత్ర మనకు తెలియాలి అని ఈ పోస్టు రాస్తున్నాం. ఎందుకు తెలియాలో చివర్లో చెప్తాం, అది మన పిల్లల జైలు సంగతి దాకా పోతుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

తోకలో ఏముంది

ముందు పాము ఒంటి సంగతి. పాముకు మలం, మూత్రం, గుడ్లు అన్నీ బయటికొచ్చే దారి ఒక్కటే. బయాలజీ పుస్తకంలో దాన్ని అవస్కరం అంటారు. పొట్ట కింద అడ్డంగా చిన్న గీతలా కనబడుతుంది. ఆ గీత దాటాక మిగిలినదే తోక. పాము అంతా తోకే అనుకుంటాం గానీ, నిజమైన తోక చివర కొంచెమే.

మగ పాముకు జననాంగాలు రెండు ఉంటాయి. వాటిని హెమిపెనిస్ అంటారు. అవి బయట ఉండవు. చొక్కా చేతిని లోపలికి తిప్పేస్తే ఎలా ఉంటుందో, అలా తోక మొదట్లో చెరో పక్క లోపలికి తిరిగి ఉంటాయి. వాటికీ, వాటిని వెనక్కి లాగే కండరాలకీ చోటు కావాలి కాబట్టి మగదాని తోక మొదట్లో లావుగా ఉండి, కొంత దూరం అదే లావుతో సాగి, ఆ తర్వాత సన్నబడుతుంది. సాధారణంగా పొడుగు కూడా ఎక్కువే. ఆడదాని తోక గీత దాటగానే సన్నబడిపోతుంది, పొట్టిగా ఉంటుంది.

కొండచిలువల్లో ఇంకో గుర్తు ఉంది. అవస్కరానికి రెండు పక్కలా చిన్న గోరు లాంటి ముల్లు ఉంటుంది. వాటి పూర్వీకులకు ఒకప్పుడు ఉన్న వెనక కాళ్ల ఆనవాలు అది. చాలా వరకు మగవాటిలో ఇది పెద్దగా ఉంటుంది. కానీ పిల్లల్లో కనబడీ కనబడనట్టు ఉంటుంది, కొన్ని ఆడవాటికి కూడా బాగానే పెరుగుతుంది. దాన్ని నమ్ముకుని తీర్పు చెప్పలేం.

ఒకే జాతి, ఒకే ఈడు పాములు పది పక్కపక్కన పెడితే అలవాటైన కన్ను తోక చూసి కొంతవరకు విడదీస్తుంది. చిటికెన వేలంత పిల్ల ఒక్కటే చేతిలో ఉంటే మాత్రం ఆ కన్ను కూడా తడబడుతుంది. ఈ చరిత్రంతా ఆ తడబాటును ఎలా తగ్గించుకున్నారు అన్నదే.

విశాఖ తీరంలో మొదలైన లెక్క

ప్యాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండ్ డాక్టర్ ఒకాయన 1780ల్లో విశాఖపట్నం వచ్చాడు. ఆయన తమ్ముడు అక్కడ ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి. 1785లో కంపెనీ రస్సెల్‌ను మద్రాసు వైపు ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పెట్టుకుంది. కంపెనీ సిపాయిలూ ఉద్యోగులూ పాము కాటుతో చనిపోతుంటే, ఏ పాము విషంది, ఏది కాదు అని తేల్చడం ఆయన ముందున్న పెద్ద పని. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది.

ఆ పుస్తకంలో పాముల పేర్లు చూస్తే మనకు ఒళ్లు పులకరిస్తుంది. కాటుక రేకుల పొడ, పెద్ద పొడ, చింత నాగు, పసిరిక పాము, బంగారు పాము. ఇంగ్లీషు అక్షరాల్లో వంకర టింకరగా రాసి ఉన్నా అవన్నీ తెలుగు పేర్లే. పాములు పట్టి ఆయన ముందుకు తెచ్చినవాళ్లు ఇక్కడి మనుషులు. పేరు చెప్పిందీ వాళ్లే. కాటుక రేకుల పొడ అంటే మనం ఇవాళ రక్తపింజరి అనే పాము. ఒంటి మీద కాటుక దిద్దినట్టు నల్ల అంచుతో రేకులు రేకులుగా మచ్చలుంటాయి చూడండి, అంత చక్కగా ఆ పేరు పెట్టారు. పాము అంత దగ్గరగా తెలిసినవాడు తప్ప ఇంకొకడు పెట్టలేని పేరు అది.

రస్సెల్ ఒక్కో పాముకు ఇంకో పని కూడా చేశాడు. పొట్ట కింద పొలుసులు ఎన్ని, అవస్కరం దాటాక తోక కింద పొలుసులు ఎన్ని అని లెక్కపెట్టి రాశాడు. ఈ పద్ధతి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758 నాటికే వాడాడు. రంగు మారుతుంది, సైజు మారుతుంది, పాము పుట్టినప్పటి పొలుసుల లెక్క మాత్రం చచ్చేదాకా మారదు. అందుకే జాతిని గుర్తుపట్టడానికి దాన్ని పట్టుకున్నారు.

వాళ్లు లెక్కపెట్టింది ఆడా మగా తేల్చడానికి కాదు. కానీ తర్వాత తరాల వాళ్లు ఒకే జాతి పాముల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసేసరికి, తోక కింద పొలుసులు మగవాటిలో సాధారణంగా ఎక్కువ, ఆడవాటిలో తక్కువ అని తేలింది. తోక పొడుగు, పొట్టి తేడా పొలుసుల లెక్కలోకి దిగిందన్నమాట.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కాటుక రేకుల పొడకు 1797లో శాస్త్రీయ నామం పెట్టారు, రస్సెల్ పేరు మీద. ఇవాళ ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటుంది. బంగారు పాము పేరు మాత్రం మిగిలింది. కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే పేరు ఆ తెలుగు మాట నుంచే వచ్చింది. పాముకు పేరు మిగిలింది గానీ, ఆ పేరు పలికిన నోళ్లకు శాస్త్ర చరిత్రలో చోటు దొరకలేదు.

లెక్క నుంచి చేతి పని దాకా

పొలుసుల లెక్కతో ఒక చిక్కుంది. ఒకే జాతిలో ఎక్కువ పొలుసులున్న ఆడది, తక్కువ పొలుసులున్న మగది ఒకే అంకె దగ్గర కలిసిపోవచ్చు. అంకె చూసి "బహుశా" అనగలం గానీ "కచ్చితంగా" అనలేం. చచ్చిన పామునైతే కోసి చూడొచ్చు. బతికిన పాముకు, అందులోనూ పిల్లకు, ఏం చెయ్యాలి?

20వ శతాబ్దంలో జూలు పెరిగాయి, ఇళ్లలో పాములు పెంచేవాళ్లు పెరిగారు, అడవిలో పాముల్ని పట్టి గుర్తుపెట్టి వదిలే పరిశోధనలు మొదలయ్యాయి. అందరికీ ఇదే ప్రశ్న ఎదురైంది. 1934లోనే అమెరికా పత్రిక కోపియాలో పాముల ఆడా మగా నిర్ధారణ మీద షేఫర్ చిన్న వ్యాసం రాశాడు. 1960లో హెన్రీ ఫిచ్ అనే ఆయన ఆడా మగా గుర్తులు, ఈడుకొచ్చిన గుర్తులు కలిపి రాశాడు. 1975లో జోసెఫ్ లాస్లో అనే జూ నిపుణుడు ప్రోబింగ్ పద్ధతిని జూలకు పనికొచ్చేలా వివరించాడు. 1983లో ప్యాట్రిక్ గ్రెగరీ చిన్న పాముల్ని అడవిలోనే ఎలా తేల్చాలో రాశాడు. ఇలా రెండు చేతి పద్ధతులు నిలబడ్డాయి.

ఒకటి, పాపింగ్. గుడ్డు నుంచి వచ్చి ఎక్కువ రోజులు కాని పిల్లకు చేస్తారు. తోకను వేలి మీద ఆనించి, అవస్కరం గీతకు కాస్త కింద బొటనవేలితో గీత వైపు మెల్లగా, దొర్లించినట్టు ఒత్తుతారు. మగదైతే ఆ రెండు అంగాలూ చిన్న ఎర్రటి మొగ్గల్లా బయటికి తిరుగుతాయి. కాసేపటికి వాటంతట అవే లోపలికి పోతాయి. పిల్ల పెరిగేకొద్దీ తోక కండరాలు గట్టిపడి లోపలే బిగబట్టుకుంటుంది, అప్పుడు ఈ పద్ధతి పనిచెయ్యదు. పనిచెయ్యడం లేదని గట్టిగా ఒత్తితే లోపల కమిలిపోతుంది, తోక వెన్నుపూస దెబ్బతింటుంది.

రెండోది, ప్రోబింగ్. మొద్దు మొన ఉన్న సన్నని లోహపు పుల్లకు జారుడు పూత రాసి, అవస్కరం నుంచి తోక వైపు దాని బరువుతో అది వెళ్లినంత దూరం వెళ్లనిస్తారు. మగదైతే ఆ ఖాళీ గొట్టంలోకి లోతుగా దిగుతుంది, ఆడదైతే కొంచెం దూరంలోనే ఆగిపోతుంది. ఎన్ని పొలుసుల దూరం వెళ్లిందో లెక్కపెడతారు. చాలా జాతుల్లో ఆడదానిలో రెండు నుంచి నాలుగైదు, మగదానిలో ఎనిమిది, పది, అంతకు మించి. కానీ జాతి జాతికీ లెక్క మారుతుంది, కొన్నింటిలో తేడా చాలా తక్కువ. సైజు తప్పిన పుల్ల, శుభ్రం లేని పుల్ల, తొందరపడే చెయ్యి, ఈ మూడింటిలో ఏది ఉన్నా పిల్లకు లోపల చిల్లు పడుతుంది, చీము పడుతుంది. ఒక్కోసారి చస్తుంది.

పాపింగ్ పద్ధతికి ఒక నీతి ఉంది, బాగా గమనించండి. మగది అని తేలితే అది గట్టి మాట, ఎందుకంటే అంగం కళ్లకు కనబడింది. ఆడది అని తేలితే అది మెత్తని మాట, ఎందుకంటే కనబడలేదు అంతే. భయపడి బిగబట్టుకున్న మగపిల్ల కూడా ఆడదిలాగే కనబడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రికార్డులో ఆడది అని రాసి ఊరుకోరు, బహుశా ఆడది అని రాసి, ఇంకోసారి చూసేదాకా ఆగుతారు. తెలియని దాన్ని తెలిసినట్టు రాయకపోవడం, పిల్ల ప్రాణం మీదికి తేకపోవడం, ఈ రెండూ కలిస్తేనే అది విద్య.

బంగారు పాము మళ్లీ వచ్చింది

చేతి పని ఒక దారి. నెత్తురులో, కణంలో వెతకడం ఇంకో దారి. మనుషుల్లో ఆడవాళ్లకు ఎక్స్ ఎక్స్, మగవాళ్లకు ఎక్స్ వై క్రోమోజోములని ఇంటర్‌లో చదివాం. పాముల్లో ఎక్కువ రకాలకు ఇది తిరగబడి ఉంటుంది. మగదానికి జెడ్ జెడ్, ఆడదానికి జెడ్ డబ్ల్యు. పక్షుల పద్ధతే. బ్రెజిల్ శాస్త్రవేత్తలు, సుసుము ఓనో కలిసి 1964లో పాములకూ పక్షులకూ ఉన్న ఈ దగ్గరితనం చూపించారు.

అప్పట్లోనే బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో లాల్జీ సింగ్ అనే కుర్రాడు మన దేశపు పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో ఒక పల్లె రైతు కుటుంబం ఆయనది. తర్వాత ఎడిన్‌బరో వెళ్లి, 1980లో తోటి శాస్త్రవేత్తలతో కలిసి ఒక సంగతి ప్రకటించాడు. ఆడ పాములోని డబ్ల్యు క్రోమోజోమ్ మీద కుప్పగా పోగుపడిన ఒక డీఎన్ఏ ముక్కను విడదీశారు. దానికి బీకేఎం అని పేరు. అందులో బీకే అంటే బాండెడ్ క్రైట్. అంటే ఏ పాము? ఒంటి మీద పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము. రస్సెల్ పుస్తకంలోని మన బంగారు పామే!

ఆ ముక్కకున్న గుణం పాములతో ఆగలేదు. అలాంటి మళ్లీ మళ్లీ వచ్చే వరుసలు మనుషుల్లోనూ ఉన్నాయి, మనిషి మనిషికీ తేడాగా ఉన్నాయి. లాల్జీ సింగ్ హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చాక 1980ల చివర్లో దాని ఆధారంగానే మన దేశపు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ తయారైంది. తండ్రి ఎవరో తేల్చే కేసుల్లో, హత్య కేసుల్లో ఇవాళ కోర్టులు నమ్మే పరీక్ష మన దేశంలో ఆడ కట్లపాము నుంచి మొదలైందంటే చాలామంది నమ్మరు. ఆయన తర్వాత సీసీఎంబీ డైరెక్టర్ అయ్యాడు, అంతరించే జంతువుల కోసం హైదరాబాద్‌లో లాకోన్స్ ప్రయోగశాల పెట్టించాడు. 2017లో కన్నుమూశాడు.

అదే 2017లో ఇంకో మలుపు. కొండచిలువలకు కూడా జెడ్ డబ్ల్యు పద్ధతే అని అందరూ ఏళ్ల తరబడి అనుకున్నారు. టోనీ గాంబుల్, ఆయన తోటి శాస్త్రవేత్తలు జన్యువులు వెతికి చూస్తే, బోవా కన్‌స్ట్రిక్టర్‌లో, బర్మా కొండచిలువలో మనుషుల్లాగా ఎక్స్ వై పద్ధతి ఉందని తేలింది. అంటే నాగుపాముకు పనికొచ్చే జన్యు పరీక్ష కొండచిలువకు పనికిరాదు. ప్రతి జాతికీ దాని పరీక్ష దానికే కావాలి. ఇప్పుడు కొన్ని పెంపుడు జాతులకు, ముఖ్యంగా బాల్ పైథాన్‌కు, విడిచిన కుబుసం ముక్క పంపితే ఆడో మగో చెప్పే ల్యాబులు విదేశాల్లో వచ్చాయి. పిల్లను ముట్టుకోకుండా, ఒత్తకుండా, పుల్ల పెట్టకుండా పని అయిపోతుంది. రెండు వందల ఏళ్ల దారిలో పిల్లకు అన్నిటికన్నా క్షేమమైన పద్ధతి, అది తనంతట తాను వదిలేసిన చర్మంలో దొరికింది.

ఫ్లోరిడాకు వెళ్లిన ఇద్దరు ఇరుళ పెద్దలు

ఆడా మగా తెలియడం ఎందుకంత ముఖ్యం అంటే అమెరికాలోని ఫ్లోరిడా సంగతి చూడాలి. అక్కడ పెంపుడు పాముల వ్యాపారం కింద మన ఆసియా ఖండం నుంచి బర్మా కొండచిలువల్ని తీసుకుపోయారు. పిల్లగా ఉన్నప్పుడు ముద్దొచ్చింది, పదేసి అడుగులు పెరిగేసరికి భయమేసి కొందరు చిత్తడి అడవిలో వదిలేశారు. అవి అక్కడ పిల్లల్ని పెట్టి, కుందేళ్లను, జింకలను, పక్షులను ఊడ్చేశాయి. ఒక్క పెద్ద ఆడపాము ఎంత నష్టమో చెప్పాలంటే, 2021 డిసెంబర్‌లో అక్కడ పట్టుబడిన సుమారు 18 అడుగుల ఆడ కొండచిలువ కడుపులో 122 గుడ్లున్నాయి. దాన్ని పట్టించింది ఒక మగ పాము. మగపాములకు రేడియో యంత్రం అమర్చి వదిలితే, అవి జత కట్టే కాలంలో ఆడవాటి దగ్గరికి దారి చూపిస్తాయి. ఆడా మగా తేల్చడం తప్పితే ఆ పథకమే లేదు.

2017 జనవరిలో ఫ్లోరిడా వాళ్లు సాయానికి ఎవరిని పిలిచారో తెలుసా? తమిళనాడు ఇరుళ తెగ పెద్దలు మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లను. ఎన్నో యంత్రాలున్న దేశం, జాడ చూసి పాముని పట్టే ఇద్దరు గిరిజనుల్ని విమానం ఎక్కించి తీసుకెళ్లింది. రెండు వారాలు తిరగకుండానే వాళ్లు 13 కొండచిలువల్ని పట్టారు. కీ లార్గో దీవిలో పాడుబడ్డ క్షిపణి స్థావరంలో దొరికిన 16 అడుగుల ఆడపాము అందులో ఒకటి. 2023లో ఆ ఇద్దరికీ భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

వాళ్లు ఆ స్థాయికి ఊరికే రాలేదు. ఒకప్పుడు ఇరుళల బతుకు పాము చర్మాల వ్యాపారం మీద ఉండేది. లాభం వ్యాపారిది, ప్రమాదం ఇరుళది. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత చర్మాల ఎగుమతి నిషేధం వచ్చేసరికి ఆ కూలి కూడా పోయింది. అప్పుడు రోములస్ విటేకర్ తోడుగా 1978లో ఇరుళ పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. మద్రాసు దగ్గర వడనెమ్మేలిలో ఉంది. అటవీ శాఖ అనుమతితో, లెక్క ప్రకారం పాముల్ని పట్టి, కొన్ని వారాలు కుండల్లో ఉంచి, విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తుపెట్టి మళ్లీ వదిలేస్తారు. ఆ విషంతోనే మన దేశంలో పాము కాటు మందు తయారవుతుంది. మన పీహెచ్‌సీలో పడుకున్న పాము కాటు మనిషికి ఎక్కించే సీసాలో ఇరుళల చేతి పని ఉంది. చేతిలోని విద్య అదే. మారింది ఏమిటంటే అది దళారి చేతి నుంచి సంఘం చేతికి వచ్చింది, చీకటి నుంచి కాగితం మీదికి వచ్చింది.

ఇరుళల లాంటి చూపు మన దగ్గర లేదా? నెల్లూరు, తిరుపతి వైపు పొలాల్లో ఎలుకలు పట్టే యానాది అన్నల్ని చూడండి. బొరియ నోరు చూసి లోపల ఏముందో చెప్పలేకపోతే ఆ పని ఒక్క రోజు కూడా సాగదు. ఎలుక ఉన్నచోట పాము ఉంటుంది. ఆ చూపుకు మన రాష్ట్రాల్లో సర్టిఫికెట్ లేదు, జీతం లేదు.

మనకు దీనితో పనేంటి

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో పెంపుడు పాముల మోజు పెరుగుతోంది. ఇంకోవైపు రెండు తలల పాము పేరుతో దళారులు మన ఊళ్లకు వస్తున్నారు. ఇన్ని కిలోలుంటే ఇన్ని లక్షలు అని ఊరిస్తారు. ఆ పాముకు రెండు తలలు లేవు. తోక మొద్దుగా, తలలాగే ఉంటుంది, అంతే. అది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. గుప్తనిధి చూపిస్తుందనేది పచ్చి అబద్ధం. అంత పొట్టి తోకలో ఆడా మగా చూస్తానని పుల్ల పెట్టినా, ఒత్తినా పాముని పాడుచెయ్యడమే. ఇక పట్టుబడిన రోజు ముందు దొరికేది సంచి మోసినవాడే. దళారి ఫోన్ స్విచాఫ్ అయి ఉంటుంది. కేసు, బెయిలు, పోయిన చదువు మనవాడివి.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ మాటలు గట్టిగా పట్టుకోండి.

మన దేశపు అడవి పాముని ఇంట్లో పెంచడం నేరం. పిల్ల అయినా, విషం లేనిదైనా, దయతో పెంచినా నేరమే. కొండచిలువ షెడ్యూల్ 1లో ఉంది. దాన్ని పడితే 3 నుంచి 7 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు.

బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకు 2022 సవరణ చట్టం, 2024 నిబంధనలు వచ్చాయి. ఉన్నవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. పిల్లలు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. ఎవరైనా పట్నం వాళ్లు పాము షెడ్డులో పని ఉంది రమ్మంటే, జీతం అడిగే ముందు ఆ నమోదు కాగితం అడగండి.

అలాంటి చోట పిల్లల ఆడా మగా చూడమని చెప్తే, నేర్పించేవాళ్లు పక్కన లేకుండా చెయ్యి పెట్టకండి. ముందు అవసరం ఉందా అని అడగండి. అమ్మకం తొందర పిల్ల అవసరం కాదు. ఆ జాతికి కుబుసం పరీక్ష ఉంటే అదే మేలు. లేకపోతే పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడి చేత చేయించాలి. మేత మింగిన రెండు మూడు రోజుల్లో ముట్టుకోకూడదు. తోక పట్టి వేలాడదియ్యకూడదు. ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పాముల నుంచి సాల్మొనెల్లా అంటుకుంటుంది. విషపు పాము పిల్ల అయితే అసలు దగ్గరికే వద్దు. నాగుపాము పిల్లకు గుడ్డులోంచి వచ్చిన రోజే విషం ఉంటుంది.

ఇష్టం ఉన్నవాళ్లకు మంచి దారులున్నాయి. జువాలజీ, వెటర్నరీ చదవండి. హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూలో పాముల విభాగాలున్నాయి. లాకోన్స్ మన హైదరాబాద్‌లోనే ఉంది. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ పోస్టులకు మనలో ఎందరో రాస్తున్నారు. పాము తెలిసిన గిరిజన బిడ్డ యూనిఫాం వేసుకుంటే, సంచి మోసే గిరిజన బిడ్డ ఒకడు తగ్గుతాడు. ఇరుళలకు ఉన్నలాంటి సంఘం మనకెందుకు లేదు అని మన ఐటీడీఏ సమావేశాల్లో అడగాల్సింది కూడా మనమే.

చివరగా ఒక పని. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి పెద్దోళ్లను కూర్చోబెట్టి పాముల పేర్లు అడగండి. కోయలో, గోండిలో, సవరలో, కువిలో, యానాదుల నోట ఏ పాముని ఏమంటారో, ఎందుకు అంటారో రాయండి. జెర్రిపోతు కథ లాంటివి ఉంటే అవీ రాయండి, ఎగతాళి చెయ్యకుండా. పేరు పక్కన ఆ పేరు చెప్పిన అవ్వ పేరు, తాత పేరు, వాళ్లు ఒప్పుకుంటే, ఊరి పేరుతో సహా రాయండి. విశాఖ తీరంలో ఒకసారి పేర్లు పుస్తకంలోకి వెళ్లి, చెప్పిన మనుషులు బయటే ఉండిపోయారు. ఈసారి రాసేది మనం కాబట్టి, మనుషుల పేర్లతోనే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.